రెండో గొంతు

ప్రొద్దుటూరులో నేను పనిచేసిన పత్తి మిల్లులో ఒక అలవాటు ఉండేది. ఎవరు మొదలుపెట్టారో ఎవరికీ తెలీదు. పత్తి నుంచి గింజ వేరుచేసే జిన్ను యంత్రాలు ఒక పొడుగాటి షెడ్డులో రెండు వరుసలుగా ఉండేవి. ఒక్కో యంత్రం ముందు ఒక్కో ఆడమనిషి నిలబడి చేత్తో పత్తి తోసేది. వాటన్నిటినీ తిప్పే ఇంజను మాత్రం గోడకు అవతల ఇంకో గదిలో. యంత్రంలో ఏదైనా ఇరుక్కున్నా, కొంగు లాగినట్టనిపించినా, ఆమె "ఆగు!" అని అరవాలి. ఆ మోతలో ఒక మనిషి కేక నాలుగు యంత్రాలు దాటి వినపడదు. అందుకని పక్కనున్నామె ఆ మాట అందుకొని అరిచేది, ఆమె పక్కనున్నామె మళ్ళీ అరిచేది. అట్లా ఆ మాట షెడ్డు పొడుగునా వచ్చి, చివర్లో గోడ పక్కన ఉన్న నా బల్లకు చేరేది. నేను తాడు లాగేవాణ్ణి. ఇంజను గదిలో గంట మోగేది. ఇంజను చూసే సాయిబు బెల్టు పక్కకు తోసి యంత్రాలను నిలిపేవాడు. ఇదంతా జరగడానికి రెండు గుటకలు మింగినంత సేపు కూడా పట్టేది కాదు.

యంత్రాలు నిలబడేదాకా ఎవరు అరిచారు, ఎందుకు అరిచారు అని అడగకూడదు. అది కట్టుబాటు. నిలబడిన తర్వాత అడగొచ్చు. ఊరికే భయపడి అరిచిందని తేలితే అందరూ పగలబడి నవ్వేవాళ్ళు. ఆమె మర్నాడు అందరికీ తమలపాకులు తెచ్చిపెట్టాలి. అంతకు మించి శిక్ష లేదు. ఒకసారి ఒకామె పత్తికుప్పలో బల్లిని చూసి అరిచింది. ఇంజను ఆగింది, షెడ్డంతా ఆగింది. మిల్లు యజమాని, మేం పెద్దాయన అనేవాళ్ళం, అప్పుడే లోపలికి వస్తూ ఏమైందని అడిగాడు. బల్లి అని చెప్పారు. "బల్లా? సరేలే, రేపు నాక్కూడా రెండాకులు తేమ్మా" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. అదే వారంలో ఇంకొకామె, తనది కాదు, పక్క యంత్రంలో ఏదో తేడాగా చప్పుడు వస్తోందని అరిచింది. చూస్తే పత్తిలో మేకు. రవ్వ లేచి ఉంటే ఆ దూది మధ్య మేమెవరం మిగిలేవాళ్ళం కాదు.

నేను అక్కడ టైంకీపర్ని. ఎవరు ఎప్పుడొచ్చారో రాయడం, గంట తాడు లాగడం, ఈ రెండే నా పని. మాది చక్రాయపేట పక్కన పల్లె. నాన్న బడిపంతులు. కాలూ చెయ్యీ పడిపోయి మంచాన ఉన్నాడు. నా జీతం మీదనే ఇల్లు. ఇది సాకు కాదు. సాకు చెప్పే వయసు నాకు దాటిపోయింది. ఆ రోజుల్లో నేనెంత పిరికివాణ్ణో చెప్పడానికి రాస్తున్నాను.

ఆ మిల్లు బాగా నడిచేది. కొత్త రాష్ట్రం వచ్చి, కర్నూలు రాజధాని అయిన రోజులవి. జమ్మలమడుగు నుంచి, పులివెందుల నుంచి వచ్చే పత్తిబండ్లు రెండు మిల్లులు దాటుకొని మా గేటు ముందు నిలబడేవి. మా దూదిలో గింజ ముక్కలుండవని కొనేవాళ్ళు ఊరూరా చెప్పుకునేవాళ్ళు. ఎందుకుంటాయి? యంత్రం కాస్త తప్పుగా నమిలినా ఎవరో ఒకరు ఆపించేవాళ్ళు. ఆపితే నష్టమని పెద్దాయన ఎన్నడూ అనుకోలేదు. ఆయనకు లెక్కలు రాక కాదు. ఆడవాళ్ళ చెవులే మా మిల్లుకు పెట్టుబడి అనేవాడు.

పెద్దాయన మంచాన పడ్డాడు. మద్రాసులో చదువుకున్న కొడుకు వచ్చాడు, ఆయన్ను చిన్నాయన అనేవాళ్ళం. చెడ్డవాడై ఉంటే నా పని తేలికయ్యేది, నేరమంతా ఆయన నెత్తిన వేసి హాయిగా కూర్చునేవాణ్ణి. చెడ్డవాడు కాదు. నన్ను కూడా "మీరు" అనేవాడు. చేతికి గడియారం కట్టుకొని మూడు రోజులు నా పక్కనే కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. ఇంజను ఎన్నిసార్లు ఆగిందో తానే రాసుకున్నాడు. నాలుగో రోజు నన్ను పిలిచాడు.

"ఇన్నిసార్లు ఆపుతుంటే మనం దూది బేళ్లు ఎప్పుడు కట్టేది? పక్క మిల్లు వాళ్ళు మనకంటే ఎక్కువ కడుతున్నారు."

అవునన్నట్టు తల ఊపాను.

మర్నాడు షెడ్డు గోడకు నల్లబల్ల వచ్చింది. "ఆగు" అని అరిచిన ప్రతి మనిషి పేరూ దాని మీదికి ఎక్కాలి. రాసేది నేనే. వారం చివర ఎక్కువసార్లు పేరు ఎక్కినామె బయట ఆవరణలో ఎండలో గింజలు ఏరాలి. అంతటితో ఆగినా బాగుండేది. మొదట అరిచినామెనే కాదు, ఆ కేక అందుకొని అరిచిన వాళ్ళను కూడా రాయమన్నాడు. "గుంపుగా అరిస్తేనే కదా అలవాటయ్యేది" అన్నాడు. ఆ తర్వాత నా కోసం ఇంకో నియమం పెట్టాడు. ఒక్క గొంతు వింటే తాడు ముట్టుకోకూడదు. అది నవ్వో, పాటో, ఎవరినో పిలవడమో కావచ్చు. రెండో గొంతు వినపడితేనే లాగాలి.

వినడానికి ఎంత సబబుగా ఉందో చూడండి. రెండో గొంతు ఎత్తితే శిక్ష. రెండో గొంతు లేకపోతే గంట లేదు. ఈ రెండూ ఒక మనిషే, ఒకే వారంలో పెట్టాడు. ఆయనకు తట్టలేదు. నాకు తట్టింది. ఆ రోజే తట్టింది. అయినా చెప్పలేదు.

మొదటి నెల బేళ్లు పెరిగాయి. ఆయన అందరికీ మిఠాయి పంచాడు. షెడ్డులో నవ్వులు పోయాయి, అది ఆయనకు కనపడలేదు. తమలపాకులు తేవడం మానేశారు. పక్క యంత్రంలో చప్పుడు తేడాగా వస్తే చెవులు లేనట్టు తల వంచుకొని పని చేసుకునేవాళ్ళు. ఎవరి యంత్రం వాళ్ళది, ఎవరి వేళ్ళు వాళ్ళవి.

నా బల్లకు దగ్గరగా, రెండో యంత్రం మీద ఒకామె ఉండేది. ముప్పై ఏళ్ళు దాటవు. జమ్మలమడుగు మనిషి. మొగుడితో, చిన్న కూతురితో పనికోసం ప్రొద్దుటూరు వచ్చింది. షెడ్డు మొత్తంలో పెద్ద గొంతు ఆమెదే. అవతలి చివర్నుంచి కేక నీరసంగా వస్తే, ఆమె అందుకున్నాక గోడలు అదిరేవి. నన్ను ఆటపట్టించడం ఆమెకు సరదా. "ఏమప్పా, పొద్దస్తమానం కూసోని ఆ బల్లకే అంటుకపోతాండావే. రాత్రికి యింటికి పోతావా, ఈడ్నే ఉంటావా?" అనేది. నాకు కోపం వచ్చేది. లోపల మాత్రం బాగుండేది.

కొత్త నియమం వచ్చాక కూడా ఆమె కేక అందుకోవడం మానలేదు. రెండుసార్లు ఎండలోకి పంపారు. రెండుసార్లూ నల్లబల్ల మీద రాసింది నేనే. రెండోసారి తిరిగి వచ్చినప్పుడు ముఖం కమిలిపోయి ఉంది. నా బల్ల దగ్గర ఆగింది. "సరే అప్పా. ఇంగ ఎవురు అరిసినా నేను పలికితే ఒట్టు. మీరే గెల్సినారు" అంది. నేను తల ఎత్తలేదు.

ఆ తర్వాత పది రోజులకు, మధ్యాహ్నం బువ్వ తిని వచ్చి అందరూ పనిలో పడ్డ వేళ, ఆమె గొంతు వినపడింది.

"ఆగు!"

స్పష్టంగా వినపడింది. పాట కాదు, నవ్వు కాదు. ఎవరినో పిలవడం కాదు. ఆ గొంతు నాకు తెలుసు. మా మధ్య ఎత్తుగా పత్తికుప్ప ఉంది, ఆమె కనపడలేదు. నా చెయ్యి తాడు మీదికి పోయింది. పట్టుకున్నాను. లాగలేదు. రెండో గొంతు కోసం ఎదురుచూశాను.

రాదని నాకు తెలుసు. అదే నేను చెప్పాలనుకుంటున్నది, ఇన్నేళ్ళుగా ఎవరికీ చెప్పనిది. తెలియక ఎదురుచూడలేదు. పక్క యంత్రం ఆమె నాకు కనపడుతూనే ఉంది. తల వంచుకొని, పెదవులు బిగించి పత్తి తోస్తోంది. ముగ్గురు పిల్లల తల్లి. అంతకు ముందు వారమే ఎండలో గింజలు ఏరి వచ్చింది. ఆమె పలకదు. ఎవరూ పలకరు. తాడు పట్టుకొని, పెద్ద ఉద్యోగస్తుడిలా, నియమం ప్రకారం నిలబడ్డాను.

తర్వాత వినపడింది "ఆగు" కాదు. మాట కాదు. అప్పుడు లాగాను.

ఇరుక్కున్న గింజ తియ్యబోతే రవిక చేతిని పక్కనున్న పళ్ళచక్రం పట్టేసుకుందట. కుడి చెయ్యి. ఆసుపత్రిలో మణికట్టు పైదాకా తీసేశారు.

ఫ్యాక్టరీలు తనిఖీ చేసే అధికారి వస్తున్నాడని కబురొచ్చింది. చిన్నాయన నన్ను గదిలోకి పిలిచాడు. ఆయన ముఖం కూడా పాలిపోయి ఉంది. "ఆమె కేక వేసిందంటోంది. మీకు వినపడిందా?" అని అడిగాడు. నిజంగానే అడిగాడు. వినపడిందని చెప్పి ఉంటే ఏం చేసేవాడో నాకు తెలీదు. దాన్ని తెలుసుకునే అవకాశం ఆయనకు నేనివ్వలేదు.

"లేదండీ" అన్నాను.

కాగితం టైపు చేసి తెచ్చారు. కేక వేయకుండా, తన అజాగ్రత్త వల్లనే చెయ్యి పెట్టిందని ఉంది. నేను సంతకం చేశాను. పక్క యంత్రం ఆమె వేలిముద్ర వేసింది. ఆ ఒక్క కాగితంతో చెయ్యి పోయినామెకు రావలసిన పరిహారం పోయింది.

ఇంజను చూసే సాయిబును మేమంతా మామా అని పిలిచేవాళ్ళం. ఆ సాయంత్రం ఆయన గేటు దగ్గర నన్ను ఆపాడు. "నీ బల్లకు రెండో మిషను. నీకు వినపడలేదా అబ్బయా?"

"లేదు మామా."

"సరే" అన్నాడు. భుజం మీది తువ్వాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. మర్నాడు పనికి రాలేదు. ఎర్రగుంట్ల దగ్గర ఎక్కడో రైసుమిల్లులో చేరాడని తర్వాత తెలిసింది. అంత పనిమంతుణ్ణి పిలిచి పని ఇవ్వని మిల్లు ఉంటుందా?

ఆయన వెనకే చెయ్యి తిరిగిన ఆడవాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఎవరూ గొడవ చెయ్యలేదు, జెండాలు పట్టలేదు. సోమవారం వచ్చేవాళ్ళు, మంగళవారం వచ్చేవాళ్ళు కాదు, అంతే. కొత్తగా చేరినవాళ్ళకు నల్లబల్ల తెలుసుగానీ పత్తి తెలీదు. దూదిలో గింజ ముక్కలు రావడం మొదలైంది. యంత్రాల్లో పత్తిని లాగే రోలర్లు కాలిపోయేవి. ఎవరూ చెప్పరు కదా, పొగ కనపడితే తప్ప తెలిసేది కాదు. కొన్నవాళ్ళు బేళ్లు వెనక్కు పంపారు. పులివెందుల బండ్లు మా గేటు చూసి కూడా ఎద్దుల్ని ఆపకుండా ముందుకు తోలుకుపోయేవి. రెండేళ్ళు తిరక్కుండా మిల్లుకు తాళం పడింది.

ఆఖరి రోజు చిన్నాయన ఖాళీ షెడ్డులో నా పక్కన నిలబడి అడిగాడు. "అన్నీ పద్ధతిగా చేశాం కదండీ. ఎక్కడ తప్పు జరిగింది?" ఆయన కళ్ళల్లో నీళ్ళు. ఇంకా అర్థం కాలేదా నాయనా అని గట్టిగా అరవాలనిపించింది. ఏ మొహం పెట్టుకొని అరవను? తెలియనివాడు ఆయన, తెలిసినవాణ్ణి నేను. "కాలం కలిసి రాలేదండీ" అన్నాను. ఛీ.

నేను పులివెందులలో ఒక వేరుశనగ వ్యాపారి దగ్గర గుమాస్తాగా చేరాను. నాన్న పోయాడు. పెళ్ళయింది. పిల్లలు పుట్టారు. బయటికి అన్నీ బాగానే ఉన్నాయి. కానీ ఆమె గొంతు నన్ను వదల్లేదు. కాయలు ఒలిచే మిషను మొదలుపెట్టగానే ఆ మోత వెనక నుంచి పిలిచేది. బజారులో నడుస్తుంటే వినపడి నడిరోడ్డు మీద టక్కున నిలబడిపోయేవాణ్ణి. వెనకొచ్చే బండివాడు తిట్టేవాడు. మా పాప మెట్ల మీద నుంచి "నాయనా" అని పిలిచినా ముందు అదే వినపడేది. చెయ్యి దానంతట అదే పైకి లేచి గాల్లో తాడు కోసం వెతికేది. "అదేంది, పట్టపగలు చేతులట్ల ఊపుతాండావు?" అని మా ఆవిడ భయపడింది. గండికి తీసుకుపోయింది. పాపఘ్నిలో మునిగాను, ఆంజనేయస్వామికి ఆకుపూజ చేయించాను. నీళ్ళల్లో తల ముంచినప్పుడు కూడా వినపడింది. నాకు పట్టిన దయ్యం బతికే ఉంది, సొంతూరు జమ్మలమడుగుకు వెళ్ళిపోయిందని విన్నాను, దానికి ఏ స్వామి ఏం చేస్తాడు?

ఆమె చెయ్యి పోయి తొమ్మిదేళ్ళయింది. ఒకనాడు జమ్మలమడుగు నుంచి కాయలమ్మడానికి వచ్చిన రైతు మాటల్లో మాటగా ఆమె గురించి చెప్పాడు. తమ వీధిలోనే అన్న ఇంట్లో ఉందట. చెయ్యి పోయిన ఏడాదికే మొగుడు వదిలేశాడట. కూతుర్ని తన దగ్గరే పెట్టుకొని మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడట. "నోరుండి గూడా అరిసేదానికి బద్దకమైన ఆడది, బిడ్డనేం సాకుతాది అన్యాడంట పంచాయితీలో. మిల్లోల్లే రాసిచ్చినారంట గదా, అరవలేదని." ఆ రైతుకు కాగితం రాసిచ్చినవాణ్ణి నేనే అని తెలీదు. చేతిలో పెన్ను పక్కన పెట్టాను. ఒక చెయ్యే పోయిందనుకున్నాను అన్నాళ్ళూ.

మరుసటి ఆదివారం ముద్దనూరు మీదుగా బస్సులో జమ్మలమడుగు చేరాను. దారి పొడుగునా వెనక్కు తిరిగిపోదామనే ఉంది. ముద్దనూరులో దిగి కూడా నిలబడ్డాను. మళ్ళీ ఎక్కాను.

ఆమె వాకిట్లో కూర్చొని ఎడమచేత్తో చేట పట్టి కందులు చెరుగుతోంది. చేట అంచును మోకాలికి ఆనించుకొని ఒడుపుగా చెరుగుతోంది. నన్ను చూసి వెంటనే గుర్తుపట్టింది.

"టైంకీపరప్పవు గదా! శానా చిక్కిపోయినావే. కూసో. మంచినీళ్ళు తాగుతావా?"

తాగలేదు. కూర్చున్నాను. ఏం మొదలుపెట్టాలో తెలీక, ఎట్లా ఉన్నావక్కా అన్నాను. సిగ్గులేని ప్రశ్న.

"ఏముండాదప్పా, ఇట్లనే. తప్పు నాదే గదా, ఎవుర్ననేది?" అంది. కాసేపు చెరిగి చేట కింద పెట్టింది. "మొదట్లో అరిసినాననే అందరితో కొట్లాడినా. నువ్వు అరిసింటే నిలిపేవాళ్ళు గదా, అంతమంది చెవిటోళ్ళా అన్యాడు నా మొగుడు. అందరూ అదే మాట. వినీ వినీ నాకే అనుమానం పట్టుకునింది. నిజ్జంగా అరిసినానా, అరిసినానని అనుకున్యానా? తొమ్మిదేండ్లు అదే యోచన అప్పా. పిచ్చి పడ్తాదేమో అనిపిస్తాది."

ఆమె గొంతు నా చెవిలో తొమ్మిదేళ్ళుగా మోగుతుంటే, ఆమె తన గొంతు తానే వినలేక వెతుక్కుంటోంది.

"అరిచినావక్కా" అన్నాను. "ఆగు అన్నావు. ఒక్కసారి అన్నావు. నాకు వినపడింది. తాడు నా చేతిలోనే ఉండింది. నేనే లాగలేదు."

ఆమె నా వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాను, చేటతో కొడుతుందనుకున్నాను. కొట్టి ఉంటే బాగుండేది.

"ఇంగోసారి చెప్పు" అంది.

మళ్ళీ చెప్పాను. ఆమె ఎడమచేత్తో మోకాలు నొక్కుకుంటూ లేచింది. "వదినా! ఓ వదినా, ఇట్ల రా!" అని లోపలికి కేకేసింది. అన్న భార్య చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "చెప్పప్పా ఈయమ్మకు" అంది. చెప్పాను. ఆ వదిన నోరు నొక్కుకుంది.

"నడువు" అంది ఆమె నాతో.

పక్కింటికి తీసుకుపోయింది. అక్కడ చెప్పాను. ఎదురింట్లో చెప్పాను. ప్రతి గడప దగ్గరా ఆమె ముందు నిలబడి ఇంటివాళ్ళను బయటికి పిలిచేది, తర్వాత పక్కకు జరిగి నాకు దారిచ్చేది. వీధిలో జనం పోగయ్యారు. ఎండ మాడుస్తోంది. నా చొక్కా తడిసిపోయింది. నాలుగో ఇంటి అరుగు మీద కూర్చున్న ముసలాయన అంతా విని, చుట్ట నోట్లోంచి తీసి అడిగాడు.

"వినపడింది గదా. ఏంటికి నిలపలేదు?"

వీధి అంతా నా వైపు చూసింది. ఆమె కూడా చూసింది. ఈ మాట ఆమె అడగలేదు అప్పటిదాకా. నాన్న జబ్బు, నల్లబల్ల, చిన్నాయన నియమం, అన్నీ గొంతు దాకా వచ్చాయి. వాటిలో ఒక్కటీ ఆ ఎండలో నిలిచేలా లేదు.

"ఉద్యోగం పోతుందని" అన్నాను.

ఎవరో తుపుక్కున ఉమ్మేశారు. ముసలాయన మళ్ళీ చుట్ట నోట్లో పెట్టుకున్నాడు. ఆమె ఉమ్మేసినవాళ్ళను వారించలేదు, నన్ను ఓదార్చలేదు. కొంగు తల మీదికి లాక్కొని వీధి మలుపు వైపు తిరిగింది.

"నడువప్పా" అంది. "ఇంగా మా అత్తోళ్ళ యిల్లు ఉండాది. నా బిడ్డ ఆడ్నే ఉండాది."